లేచి నిలబడ్డాడు, ఇంకేం భయం?

నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి వెళ్ళే దారిలోనో, జడ్చర్ల దాటాక బెంగళూరు రహదారి మీదనో బైకు జారి ఒకరు కింద పడితే, పదిమంది పోగవడం, నీళ్ళ సీసా రావడం, పడిన మనిషిని రెక్క పట్టి లేపి కూర్చోబెట్టడం నిమిషాల్లో జరిగిపోతాయి. అతను లేచి, చొక్కా దులుపుకుని, ఫోను పగిలిందేమో చూసుకున్నాడంటే చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. "నెత్తురు చుక్క కూడా రాలేదు, ఏమీ కాలేదులే" అని ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తారు. మనిషి బండెక్కి ఇల్లు చేరతాడు. ఎక్కువసార్లు ఆ తీర్పు నిజమే అవుతుంది. అది అంత గట్టిగా పాతుకుపోవడానికి కారణం కూడా అదే. తప్పిన ఆ కొద్దిసార్లు మాత్రం అర్ధరాత్రి అంబులెన్సు కోసం ఫోన్లు మోగుతాయి.

తల దెబ్బల చుట్టూ చెలామణి అయ్యే అపోహలను ఒకచోట కుప్ప పోసి చూస్తే, వాటి అడుగున ఉన్న పొరపాటు ఒకటే. దెబ్బ పెద్దదా చిన్నదా అన్నది కంటికి కనిపించేదాన్ని బట్టి, అదీ ఆ క్షణాన కనిపించేదాన్ని బట్టి తేల్చేస్తారు. మెదడు గాయం కంటికి ఆనదు. ఆ క్షణంతో ముగియదు కూడా. గంటల్లో, రోజుల్లో, ఒక్కోసారి నెలల్లో రూపం మార్చుకుంటుంది. తేటగా మెరిసే నీళ్ళు ఎముకలను వంచేయగలవని నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతపు జనానికి ఫ్లోరైడ్ ఏనాడో నేర్పింది. పైకి కనిపించనిది లోపల ఎంత పని చేయగలదో అంతగా తెలిసిన జిల్లా కూడా తల దెబ్బ దగ్గరికి వచ్చేసరికి నెత్తురు కోసమే వెతకడం చిత్రం.

మెదడు బరువు సుమారు 1,300 నుంచి 1,400 గ్రాములు. గట్టి పుర్రె పెట్టెలో, నీళ్ళలాంటి ద్రవంలో తేలుతూ ఉంటుంది. బండి దేనికో గుద్దుకుని ఆగినప్పుడు పుర్రె కూడా ఆగుతుంది, లోపలి మెదడు ఆగదు. బస్సు సడన్ బ్రేకు వేస్తే నిలబడ్డ ప్రయాణికులు ముందుకు తూలినట్టు అది కదిలి పుర్రె ముందు గోడకు కొట్టుకుంటుంది, వెనక్కి వచ్చి వెనక గోడకూ తగులుతుంది. నుదుటికి దెబ్బ తగిలినవాడి మెదడు వెనక భాగం కమిలి ఉండటం ఈ కారణంగానే. తల గిర్రున తిరిగేలా తగిలిన దెబ్బ ఇంకా చెడ్డది. మెదడులోని సన్నని నరాల పోగులు సాగి, మెలితిరిగి, తెగుతాయి. ఇంత జరగడానికి పుర్రె పగలనక్కర లేదు, చర్మం చిట్లనక్కర లేదు.

అటునుంచి చూస్తే, నెత్తి మీది చర్మంలో రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. చిన్న గాటు పడినా ముఖమంతా తడిసిపోయేంత రక్తం వస్తుంది. అది చూసి ఇంటిల్లిపాదీ గొల్లుమంటారు. కాఫీ పొడో, పసుపో, సున్నమో గాయంలో కూరుతారు. ఆసుపత్రిలో కుట్లు వేయడానికి ముందు ఆ పొడిని కడిగి తీయడానికే సగం సమయం పోతుంది. శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టుకుంటే సరిపోయే చోట ఇంత హంగామా జరుగుతుంది, నెత్తురు లేని చోట నిశ్చింతగా ఉంటారు. గాయం అడుగున ఎముక లోపలికి నొక్కుకుపోయినట్టు అనిపిస్తే మాత్రం దాన్ని గట్టిగా అదమకూడదు.

చెవిలోంచి, ముక్కులోంచి రక్తం వస్తే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "ఇక బతకడు" అనేది ఒకటి. "చెడు రక్తం బయటికి పోయింది, మంచిదే" అనేది రెండోది. రెండూ తప్పే. పుర్రె అడుగు భాగం పగిలిందనడానికి అది గుర్తు కావచ్చు. రక్తంతోపాటు నీళ్ళలాంటి ద్రవం కారితే, మెదడు చుట్టూ ఉండే ద్రవమే దారి చేసుకుని వస్తున్నదని అనుమానించాలి. దూది కుక్కి ఆ దారి మూస్తే లోపలికి చీము పట్టే ముప్పు పెరుగుతుంది. వదులుగా గుడ్డ అడ్డుపెట్టి ఆసుపత్రికి తీసుకువెళ్ళడమే పని. ఈ గాయం నుంచి కోలుకుని ఇంటికి వచ్చేవాళ్ళు ఎందరో ఉన్నారు.

మొదటి రాత్రి

"స్పృహ తప్పలేదు కదా" అనేది నెత్తురు తరువాత జనం వేసే రెండో కొలత. మెదడు అదిరిన కేసుల్లో చాలావాటిలో స్పృహ తప్పదు. కాసేపు తికమక, అడిగిందే అడగడం, ప్రమాదం ఎలా జరిగిందో గుర్తు లేకపోవడం, వాంతి, వెలుతురు భరించలేకపోవడం అంతకన్నా ముఖ్యమైన సంగతులు. 1974లో గ్లాస్గో నగరంలో గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెనెట్ అనే వైద్యులు ఒక కొలమానం తయారుచేశారు. కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15 మార్కులు. ఏమీ చేయలేని మనిషికి కూడా 3 వస్తాయి. 8 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే తీవ్రమైన గాయం, 9 నుంచి 12 మధ్యస్థం, 13 నుంచి 15 స్వల్పం అంటారు. ఈ "స్వల్పం" అన్న మాట చాలా ఇళ్ళను మోసం చేసింది. అది ఆ పూట మనిషి స్థితికి పెట్టిన పేరు. రేపటికి హామీ కాదు. అందుకే ఆసుపత్రిలో ఒకసారి మార్కులు వేసి వదిలేయరు, గంట గంటకూ మళ్ళీ వేస్తారు. 15 నుంచి 13కి దిగితే పరుగులు పెడతారు.

కణత దగ్గర పుర్రె పలచగా ఉంటుంది. దాని లోపలి వైపు ఒక ధమని పాకి ఉంటుంది. అక్కడ ఎముక చిట్లి ఆ ధమని తెగితే, పుర్రెకూ మెదడు పై పొరకూ మధ్య రక్తం పేరుకుంటుంది. మొదట్లో మనిషి మామూలుగా మాట్లాడతాడు, అన్నం తింటాడు. రక్తం గడ్డ పెరిగి మెదడును నొక్కడం మొదలయ్యాక తలనొప్పి ఎక్కువవుతుంది, మాట ముద్దగా వస్తుంది, మత్తు కమ్ముతుంది, ఒక కంటిపాప పెద్దదవుతుంది. 2009 మార్చిలో బ్రిటిష్ నటి నటాషా రిచర్డ్‌సన్ కెనడాలో స్కీయింగ్ నేర్చుకుంటూ పడిపోయారు. మొదట ఏమీ కాలేదనే అనుకున్నారు, వైద్యం వద్దన్నారు. రెండు రోజులకు ఇదే రకం రక్తస్రావంతో మరణించారు. ఆమెకు 45 ఏళ్ళు. డబ్బుకూ పలుకుబడికీ కొదవ లేనిచోట కూడా "లేచి నిలబడ్డాను కదా" అన్న ధీమా అంత పని చేసింది. ఇందులో ఇంకో కోణం ఉంది. వేళకు పుర్రె తెరిచి గడ్డ తీసేస్తే తల దెబ్బలన్నిటిలో బాగా కోలుకునే అవకాశం ఉన్న గాయాల్లో ఇదీ ఒకటి. మనిషి బతుకుతాడా లేదా అన్నది దెబ్బ కన్నా గడియారం మీద ఎక్కువగా ఆధారపడే గాయం ఇది.

అయితే నిద్రపోనివ్వకూడదా? ఊళ్ళలో దెబ్బ తగిలినవాడిని తెల్లవార్లూ కూర్చోబెట్టి, టీ మీద టీ పోసి, కునుకు పడితే చెంప మీద తట్టి లేపే అలవాటుంది. నిద్ర మెదడుకు హాని చేయదు. వైద్యుడు చూసి ఇంటికి పంపాక పడుకోనివ్వచ్చు. నిద్రకూ మత్తుకూ తేడా గుర్తించలేకపోవడమే అసలు ప్రమాదం. వైద్యుడు చెప్పిన వ్యవధికి ఒకసారి లేపి, పేరు, ఊరు, ఎదురుగా ఉన్నది ఎవరో అడిగితే, విసుక్కుంటూ అయినా సరైన జవాబు వస్తే ఫరవాలేదు. లేపినా లేవకపోతే, మళ్ళీ మళ్ళీ వాంతి అయితే, ఒక చేయో కాలో బలం తగ్గితే, మూర్ఛ వస్తే తెల్లవారే దాకా ఆగడానికి వీల్లేదు.

మత్తు అనగానే కల్లు గురించి చెప్పుకోవాలి. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో సాయంత్రం పూట కల్లు దుకాణం దగ్గర పడిపోయిన మనిషిని చూసి ఎవరూ కంగారు పడరు. "తాగి పడుకున్నాడు, దిగితే లేస్తాడు" అంటారు. తల దెబ్బల విషయంలో ఇంతకన్నా ప్రాణాంతకమైన వాక్యం మరొకటి లేదేమో. తాగినవాడి తూలుడు, ముద్ద మాట, వాంతి, మగత అన్నీ మెదడులో రక్తం గడ్డ కట్టినవాడిలోనూ కనిపిస్తాయి. ఆల్ప్రజోలం వంటి మత్తు మందులు కలిపిన కల్తీ కల్లు ఈ తేడాను ఇంకా చెరిపేస్తుంది. పైగా ఏళ్ళ తరబడి తాగేవాళ్ళ మెదడు కుంచించుకుని ఉంటుంది, కాలేయం దెబ్బతిని రక్తం తొందరగా గడ్డకట్టదు. ఎవరి విషయంలో అజాగ్రత్తగా ఉంటారో, రక్తస్రావం ముప్పు ఎక్కువగా ఉన్నది వాళ్ళకే. తాగి ఉన్నవాడి తల మీద బొప్పి కనిపిస్తే, తాగుడును పక్కన పెట్టి దెబ్బనే ముందు లెక్కలోకి తీసుకోవాలి.

కల్లు తాగేవాడి సంగతి అలా ఉంటే, గీసేవాడి సంగతి వేరు. మోకు జారి తాటిచెట్టు మీది నుంచి గీత కార్మికుడు పడిపోయాడన్న వార్త ఈ జిల్లాల పత్రికల్లో ఏటా కనిపించేదే. 2024లో రాష్ట్ర ప్రభుత్వం "కాటమయ్య రక్షణ కవచం" పేరుతో చెట్టెక్కేవారికి భద్రతా పరికరాలు ఇవ్వడం మొదలుపెట్టింది. పడకుండా ఆపడం అన్నిటికన్నా మేలైన వైద్యం. పడినప్పుడు మాత్రం చూపంతా విరిగిన నడుం మీదకో, కాలి మీదకో పోతుంది. ఆ నొప్పి అరుపులో తల మరుగున పడిపోతుంది. పరంజా మీది నుంచి పడే పాలమూరు వలస కూలీలదీ ఇదే కథ. ఎత్తు నుంచి పడిన మనిషిని కాళ్ళూ చేతులూ పట్టి మూటలా ఎత్తి ఆటోలో కుదేస్తే మెడ ఎముక దెబ్బతిని ఉన్నవాడికి జీవితాంతం కాళ్ళూ చేతులూ పడిపోవచ్చు. తల, మెడ, నడుం ఒకే గీతలో ఉండేలా నలుగురు కలిసి చెక్క మీదకో, తలుపు రెక్క మీదకో చేర్చడం కష్టమేమీ కాదు.

దారిలో జరిగే మేలు

సాయం చేసే చేతుల్లో మంచి మనసుకు లోటు లేదు. ఆ మంచి మనసు చేసే పనుల్లో మొదటిది నీళ్ళు తాగించడం. స్పృహ సరిగా లేనివాడి గొంతులో నీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దెబ్బతిన్న మెదడుకు అన్నిటికన్నా కావలసింది ప్రాణవాయువు. దాని దారిలోనే నీళ్ళు పోస్తున్నామని ఎవరికీ తోచదు. వాంతి అవుతుంటే మెడ మెలిక పడకుండా ఒళ్ళంతా ఒక పక్కకు తిప్పాలి. మూర్ఛ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం ఇప్పటికీ చూస్తాం. మూర్ఛ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే ఆగుతుంది. తాళాలు పెట్టినప్పుడు కూడా అందుకే ఆగుతుంది, కాబట్టి తాళాలకు పేరొచ్చింది. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే అది ప్రాణాపాయమే.

తరువాతి మజిలీ ఊరి ఆర్‌ఎంపీ. ఒక ఇంజెక్షన్, వీలైతే ఒక సెలైన్ సీసా. "మెదడు వాపు తగ్గడానికి" అంటూ స్టెరాయిడ్ ఇచ్చేవాళ్ళు ఉన్నారు. ఇక్కడ నిందను ఆర్‌ఎంపీ ఒక్కడి మీద వేయడం న్యాయం కాదు. ప్రపంచమంతటా పెద్ద పెద్ద ఆసుపత్రులు దశాబ్దాల పాటు చేసిన పనే అది. స్టెరాయిడ్లు మెదడు కణుతుల చుట్టూ ఉండే వాపును తగ్గిస్తాయి కాబట్టి దెబ్బ వాపునూ తగ్గిస్తాయని అందరూ నమ్మారు. ఆ నమ్మకాన్ని పరీక్షించిన క్రాష్ పరిశోధన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. 10,008 మంది తల గాయం రోగులను రెండు జట్లుగా చేసి చూస్తే, రెండు వారాల్లో స్టెరాయిడ్ పొందినవారిలో 21 శాతం, పొందనివారిలో 18 శాతం చనిపోయారు. మేలు చేస్తుందనుకున్న మందు ప్రాణాలు తీసింది. అపోహలు చదువు లేనివాళ్ళకే ఉంటాయనుకునేవాళ్ళు ఈ లెక్కను గుర్తుపెట్టుకోవచ్చు. ఆర్‌ఎంపీ దగ్గర పోయేది సూది ఒక్కటే కాదు, గంట కూడా. నల్లగొండ అయినా మహబూబ్‌నగర్ అయినా హైదరాబాదుకు 100 కిలోమీటర్ల దూరం. అచ్చంపేట, అలంపూర్ వైపు అయితే ఇంకా ఎక్కువ. జిల్లా కేంద్రంలో స్కాన్ తీయించి, శస్త్రచికిత్స అవసరమో కాదో తేల్చుకుని కదలడానికి కావలసిన సమయంలోంచే ఆ గంట పోతుంది.

"తీసుకెళితే పోలీసు కేసు మన మెడకు చుట్టుకుంటుంది" అన్న భయం గురించి ఎక్కువ చెప్పక్కర లేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 134ఏ సెక్షన్ ప్రకారం మంచి ఉద్దేశంతో సాయపడిన వ్యక్తి మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. 108కి ఫోను చేస్తే ఇంకా మంచిది. వచ్చేది వాహనం ఒక్కటే కాదు, ఆక్సిజన్, మెడ పట్టీ, శిక్షణ ఉన్న మనిషి కూడా.

హెల్మెట్ మీద ఉన్న సాకులు అందరికీ తెలిసినవే. హారన్ వినబడదు, జుట్టు ఊడుతుంది, మెడ విరుగుతుంది, ఊళ్ళోకే కదా. బైకు ప్రమాదాల మీద జరిగిన అధ్యయనాలను క్రోడీకరించిన కాక్రేన్ సమీక్ష ప్రకారం హెల్మెట్ తల గాయం ముప్పును సుమారు 69 శాతం, మరణం ముప్పును 42 శాతం తగ్గిస్తుంది. మెడ గాయాలు పెరుగుతాయనడానికి అందులో ఆధారం దొరకలేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో హెల్మెట్ లేని ద్విచక్ర వాహనదారులు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఈ అంకెలో 14,337 మంది వెనక కూర్చున్నవారు. చీర కొంగు సర్దుకుంటూ, ఒడిలో పిల్లను పట్టుకుని పక్కకు కూర్చునే ఇల్లాలికి హెల్మెట్ ఎందుకు అన్నది మన రోడ్ల మీద ఎవరూ అడగని ప్రశ్న. పట్టీ బిగించని హెల్మెట్ దెబ్బ తగలకముందే ఎగిరిపోతుంది. అది పోలీసుల కోసం పెట్టుకున్న టోపీ. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ ముద్ర లేని హెల్మెట్ల తయారీ, అమ్మకం నిషిద్ధం. రోడ్డు పక్క చెట్టు కింద వేలాడేవి చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాదు.

స్కాన్‌లో ఏమీ లేదన్నారు

1971 అక్టోబరు 1న లండన్ శివారులోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటిసారి ఒక రోగి మెదడుకు సీటీ స్కాన్ తీశారు. పుర్రె తెరవకుండా లోపలి రక్తపు గడ్డను చూడగలగడం తల గాయాల వైద్యాన్నే మార్చేసింది. కనిపెట్టిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్‌కు 1979లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఇంత గొప్ప యంత్రం కూడా ఒక ప్రశ్నకే బాగా జవాబు చెబుతుంది: ఇప్పుడు శస్త్రచికిత్స చేయాల్సింది ఏమైనా ఉందా? రక్తం, ఎముక విరుపు, పెద్ద వాపు దానికి దొరుకుతాయి. సాగి దెబ్బతిన్న నరాల పోగులు చాలావరకు దొరకవు. అందుకే "స్కాన్ బాగుంది" అంటే "ప్రస్తుతం ఆపరేషన్ అక్కర లేదు" అనే అర్థం తీసుకోవాలి. ఇంట్లో మాత్రం అది "వీడికేమీ లేదు" అవుతుంది. రెండు వారాలకు కూడా తలనొప్పి, చిరాకు, మతిమరుపు, నిద్ర పట్టకపోవడం అంటుంటే పనికి ఎగనామం పెట్టడానికి నాటకమాడుతున్నాడంటారు. ఎక్కువమందికి ఇవి కొన్ని వారాల్లో తగ్గుతాయి, కొందరికి నెలలు పడుతుంది.

నెలల తరబడి చీకటి గదిలో పడుకోబెట్టాలన్న పాత సలహా కూడా ఇప్పుడు లేదు. ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఆ తరువాత తలనొప్పి పెరగనంత మేర మెల్లగా నడక, పని, చదువు. ఆటకు మాత్రం వేరే లెక్క. సంక్రాంతి కబడ్డీ పోటీల్లో తల తగిలి కళ్ళు బైర్లు కమ్మిన కుర్రవాడు ముఖం కడుక్కుని మళ్ళీ కూతకు వెళితే చప్పట్లు మోగుతాయి. మొదటి దెబ్బ నుంచి తేరుకోని మెదడుకు రెండోది తగిలితే వాపు అదుపు తప్పవచ్చు. అరుదైన సంగతే, అయినా ఒక కప్పు కోసం చేసే పందెం కాదు.

సమయం విషయంలో అందరినీ బోల్తా కొట్టించేవి ముసలివాళ్ళ గాయాలు. వయసుతో మెదడు కొంచెం కుంచించుకుపోతుంది, పుర్రెకూ మెదడుకూ మధ్య సాగిన సన్నని సిరలు చిన్న కుదుపుకే చిట్లుతాయి. బాత్రూంలో జారి తల గోడకు తగిలింది, బొప్పి కట్టింది, మూడు రోజుల్లో తగ్గిపోయింది, అందరూ మరిచిపోయారు. లోపల రక్తం చుక్కలు చుక్కలుగా ఊరుతూనే ఉంది. మూడు వారాలకో, నెల దాటాకో తాత నడక తడబడుతుంది, ఒక చేయి లాగుతుంది, మనవడి పేరు మరిచిపోతాడు, పగలంతా నిద్రపోతాడు. "వయసు మీద పడింది" అంటారు. లేదంటే పక్షవాతం అనుకుని ఆకు పసరు మందుకు తీసుకుపోతారు. గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మాత్రలు వాడేవారిలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. పుర్రెకు ఒకటి రెండు చిన్న రంధ్రాలు పెట్టి ఆ పాత రక్తాన్ని తీసేస్తే, మంచాన పడ్డ మనిషి కొద్ది రోజుల్లోనే లేచి నడిచిన సందర్భాలు చాలా. నెల కిందటి బొప్పి సంగతి వైద్యుడికి ఎవరైనా చెప్పాలి, అంతే. చెప్పేవాళ్ళే ఉండరు. గుర్తుంటే కదా!

తల తెరిచాక

"మెదడు ఆపరేషన్ చేస్తే బతికినా పిచ్చివాడవుతాడు" అన్న భయంతో సంతకం పెట్టడానికి గంటలు తీసుకునే కుటుంబాలు ఉన్నాయి. మనిషిని మార్చేది చాలావరకు కత్తి కాదు, దెబ్బ. వాపు మరీ ఎక్కువగా ఉన్నప్పుడు పుర్రె ఎముకలో ఒక ముక్క తీసి మెదడుకు చోటు కల్పిస్తారు. ఆ ముక్కను కొన్నిసార్లు రోగి పొట్ట చర్మం కింద దాచి, నెలల తరువాత తిరిగి అమరుస్తారు. "తల ఎముక కడుపులో పెట్టారు" అని ఊళ్ళో చెప్పుకుంటే కట్టుకథలా వినిపిస్తుంది, నిజమే అది.

కోమా గురించి మనకున్న జ్ఞానం చాలావరకు తెర మీద నుంచి వచ్చింది. దెబ్బ తగిలి గతమంతా మరిచిపోయిన నాయకుడు, రెండో దెబ్బతో అన్నీ గుర్తుకు తెచ్చుకోవడం మన సినిమాలకు పాత ముడిసరుకు. అసలు జరిగేది దాదాపు తలకిందులు. తన పేరు, తల్లి ముఖం మరిచిపోవడం చాలా అరుదు. పోయేవి ప్రమాదానికి ముందరి కొంత సమయం, తరువాతి రోజులు. కొత్త సంగతులు నిలవకపోవడమే అసలు చిక్కు. రెండో దెబ్బ ఇంకా చెరుపే చేస్తుంది తప్ప ఏదీ తిరిగి ఇవ్వదు. కోమా నుంచి బయటపడటం కూడా ఒక్కసారిగా కళ్ళు తెరిచి "అమ్మా" అనడంలా ఉండదు. కళ్ళు తెరుస్తారు, చూపు నిలవదు. కొన్నాళ్ళకు నిలుస్తుంది. మధ్యలో బూతులు తిట్టడం, గొట్టాలు పీక్కోవడం, మంచం దిగి పరుగెత్తబోవడం ఒక దశ. అది చూసి గుండె పగిలే తల్లిదండ్రులకు, అది చాలామంది కోలుకునే దారిలో వచ్చే మజిలీయేనని ముందే ఎవరైనా చెబితే బాగుండును.

బ్రెయిన్ డెత్ వేరు. కోమాలో మెదడు కాండం (ఊపిరిని నడిపే, మెదడు అడుగు భాగం) పనిచేస్తూ ఉంటుంది, తిరిగి రావడానికి దారి మిగిలి ఉండవచ్చు. బ్రెయిన్ డెత్‌లో ఆ కాండం కూడా పూర్తిగా ఆగిపోతుంది. వెంటిలేటర్ వల్ల ఛాతీ కదులుతుంది, గుండె కొట్టుకుంటుంది, ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. అందుకే నమ్మడం అంత కష్టం. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం, ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాలి. ఒక వైద్యుడి మాట మీద తేలే సంగతి కాదు.

ఇంటికి వచ్చాక మొదలయ్యే కథకు సాక్షులు తక్కువ. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్‌లో రైలు మార్గం పనిలో ఫినియస్ గేజ్ అనే ఫోర్‌మన్ దవడలోంచి దూసుకుపోయిన మూడున్నర అడుగుల ఇనుప కడ్డీ నడినెత్తి నుంచి బయటపడింది. అతను బతికాడు, నడిచాడు, మాట్లాడాడు. నెమ్మదస్తుడు కాస్తా కోపిష్ఠిగా, మాట నిలకడ లేనివాడిగా మారాడని అతన్ని చూసిన వైద్యుడు రాశాడు. పాఠ్యపుస్తకాలు ఇక్కడితో ఆపేస్తాయి. ఆ తరువాత గేజ్ చిలీ దేశానికి పోయి ఏళ్ళ తరబడి గుర్రపు బండ్లు తోలాడు. దారి గుర్తుపెట్టుకుని, ప్రయాణికులతో మాట్లాడి, గుర్రాలను అదుపులో పెట్టే ఉద్యోగం అది. చెడిపోయిన మనిషికి గుర్తుగా వాడుకున్న పేరు, కొంత బాగుపడిన మనిషిది కూడా కావచ్చు.

మన పల్లెల్లో ఆ మార్పుకు గాలి సోకిందని, ఎవరో చేయించారని, లేదంటే పొగరెక్కిందని పేరు పెడతారు. తాయెత్తు కడతారు, పంచాయితీ పెడతారు. నుదుటి వెనక ఉండే భాగం దెబ్బతింటే కోపాన్ని ఆపుకునే పగ్గం సడలుతుంది. పొద్దున లేచి పనికి కదలాలన్న ఊపు పోతుంది. మనిషికి కాళ్ళూ చేతులూ అన్నీ ఉంటాయి, ట్రాక్టర్ ఎక్కగలడు, కానీ డీజిల్ తెమ్మని పంపితే దారిలోనే మరిచిపోతాడు. వైకల్య ధ్రువీకరణ శిబిరంలో విరిగిన కాలు చూపించినంత సులువుగా దీన్ని చూపించలేరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో తల గాయం అన్న పేరు విడిగా లేదు. కదలిక, మాట, మానసిక ఆరోగ్యం వంటి ఏదో ఒక గడిలో ఇరికించి 40 శాతం రాబట్టగలిగితేనే 4,016 రూపాయల పింఛనుకు దారి. కనిపించని గాయాన్ని లెక్కపెట్టలేకపోవడం రోడ్డు పక్క గుంపుకే పరిమితం కాదు.

"ఆరు నెలల్లో వచ్చిందే వచ్చినట్టు, ఆ తరువాత ఏమీ రాదు" అన్న మాటను మాత్రం కొందరు వైద్య సిబ్బంది నోటే వింటాం. మొదటి ఆరు నెలల నుంచి ఏడాది దాకా మార్పు వేగంగా ఉంటుంది. ఆ తరువాత నెమ్మదిస్తుంది, ఆగదు. పిల్లల్లో ఇది తిరగబడి కూడా కనిపిస్తుంది. మూడేళ్ళ వయసులో పడి ఇట్టే కోలుకున్నట్టు అనిపించిన పిల్లవాడు, పాఠాలు బరువెక్కే తరగతులకు వచ్చాక తడబడవచ్చు. అప్పటికి ఆ దెబ్బ ఇంట్లో ఎవరికీ జ్ఞాపకం ఉండదు, బడిలో "మొద్దు" అన్న పేరు మాత్రం స్థిరపడుతుంది.

చివరిగా ఒక వింత. ముందు మెదడు దెబ్బతిన్నవాళ్ళలో చాలామందికి తాము మారామన్న సంగతే తెలియదు. అబద్ధమాడటం కాదది, తన లోటును గమనించుకోవలసిన భాగమే దెబ్బతిని ఉంటుంది. ఓపీలో వైద్యుడు "ఎలా ఉన్నావు?" అంటే "మంచిగ ఉన్న సార్, రేపటి నుంచి బండి తోలుతా" అని నవ్వుతూ జవాబు వస్తుంది. స్కాన్ బాగుంటుంది, కుట్లు మానిపోయి ఉంటాయి, నడక తిన్నగా ఉంటుంది. అదే సమయంలో అతని కుర్చీ వెనక నిలబడ్డ భార్య, అతనికి కనిపించకుండా, అటూ ఇటూ తల ఊపుతూ ఉంటుంది.